నమ్మకం లేనివాడి నమస్కారం

థాయ్‌లాండ్‌లో ఉద్యోగం కోసమో, పదవీ విరమణ తర్వాతో స్థిరపడిన పరదేశి ఎంత లౌకికవాది అయినా అక్కడి మతానికి ఎడంగా బతకలేడు. తెల్లవారేసరికి భిక్షువులు పాత్రలు పట్టుకుని వీధిలోకి వస్తారు. ఇరుగుపొరుగు వాళ్లు చెప్పులు విడిచి అన్నం పెట్టి, చేతులు జోడించి దీవెన అందుకుంటారు. కొత్త ఆఫీసు తెరిస్తే తొమ్మిది మంది భిక్షువులు వచ్చి పాళీ సూత్రాలు చదువుతారు. తోటి ఉద్యోగి తల్లి చనిపోతే రాత్రిపూట ఆరామంలో జరిగే పారాయణలో వెళ్లి కూర్చోవాలి. కర్మఫలాన్నీ పునర్జన్మనూ నమ్మని మనిషి అక్కడ చేతులు జోడిస్తే అది నిజాయితీయేనా, మర్యాద పేరిట ఆడే నాటకమా? ఈ ప్రశ్న వేసుకున్న చాలామంది తమ మనసులో నమ్మకం ఉందా లేదా అని వెతుక్కుంటారు. వాళ్లు వెతకాల్సిన చోటు అది కాదని నా అభిప్రాయం. నమ్మకపోయినా, ఆ ఆచారం మోపే బాధ్యతను మోసేవాడి నమస్కారం నిజమైనదే. బాధ్యత వదిలేసి ఫలం మాత్రం పుచ్చుకునేవాడు లోపల ఎంత నమ్మినా కపటి.

ముందుగా థాయ్ బౌద్ధం తన గడప దగ్గర ఏమడుగుతుందో చూడాలి. ఉపసంపద, అంటే భిక్షువుగా దీక్ష ఇచ్చేటప్పుడు వేసే ప్రశ్నలు వినయ పిటకంలో ఉన్నాయి. ఇవాళ్టికీ వాటిని పాళీలోనే అడుగుతారు. కుష్ఠు, క్షయ, మూర్ఛ లాంటి రోగాలున్నాయా? మనిషివేనా? పురుషుడివేనా? స్వతంత్రుడివేనా? అప్పులున్నాయా? రాజు కొలువులో ఉన్నావా? తల్లిదండ్రులు ఒప్పుకున్నారా? ఇరవై ఏళ్లు నిండాయా? పాత్ర, చీవరాలు ఉన్నాయా? నీ పేరేమిటి, నీ ఉపాధ్యాయుడెవరు? అంతటితో సరి. (మనిషివేనా అన్న ప్రశ్న వెనక, మానవరూపంలో దీక్ష పుచ్చుకున్న నాగుడి కథ ఉంది. దీక్షకు సిద్ధమైన కుర్రాణ్ని థాయ్‌లాండ్‌లో ఇప్పటికీ నాగుడనే పిలుస్తారు.) నిర్వాణం ఉందని నమ్ముతున్నావా అని ఎవరూ అడగరు. అడిగేవన్నీ దీక్షార్థి ఎవరికి ఏం బాకీ ఉన్నాడో, సంఘంలో ఇమడగలడో లేదో తేల్చేవే. త్రిశరణాలు చెప్పించడం నమ్మకాన్ని అడగడమే కదా అనవచ్చు. నిజమే, అందులో నమ్మకం ఉంది. కానీ అది సిద్ధాంతాలను ఒప్పుకోవడం కన్నా ఒక ఆసరాలోకి వెళ్లి దాని కట్టుబాటుకు లొంగడానికి దగ్గర. పరమతాల నుంచి వచ్చినవారికి వినయం నాలుగు నెలల పరీక్షాకాలం పెట్టిన మాటా వాస్తవమే. ఆ నాలుగు నెలల్లో గమనించేవి ఏమిటి? ఊళ్లోంచి వేళకు తిరిగొస్తున్నాడా, తోటివారి పనుల్లో చెయ్యి వేస్తున్నాడా, నేర్చుకోవాలన్న తపన ఉందా, తన పాత గురువును ఎవరైనా తప్పుపడితే కోపం తెచ్చుకుంటున్నాడా. జడలు కట్టిన అగ్ని ఉపాసకులకు ఆ పరీక్ష కూడా లేదు. చేసే పనికి ఫలం ఉంటుందని వాళ్లు ముందే ఒప్పుకున్నారన్నది అందుకు చెప్పిన కారణం; అక్కడ లెక్కకొచ్చిన నమ్మకం కూడా చేసే పని గురించినదే.

థాయ్ సమాజం కూడా దీక్షను ఇలాగే చూస్తుంది. అక్కడి కుర్రాళ్లలో చాలామంది వర్షావాసం మూడు నెలలకో, అంతకన్నా తక్కువ రోజులకో చీవరం కట్టి మళ్లీ ఇంటికొస్తారు. కన్నతల్లికి పుణ్యం దక్కాలన్నది వాళ్లు చెప్పే మొదటి కారణం. ఆ కుర్రాడికి పునర్జన్మ మీద నమ్మకం ఎంత గట్టిదో తల్లి ఆరా తీయదు. పరదేశుల విషయంలో దీనికి పెద్ద నిదర్శనం ఉబోన్ రాచథానీ దగ్గరి వాట్ పా నానాచాట్. అరణ్య సంప్రదాయ గురువు అజాన్ ఛా 1975లో దాన్ని విదేశీ భిక్షువుల కోసం పెట్టించాడు. అమెరికన్ అయిన అజాన్ సుమేధో దానికి మొదటి అధిపతి. పాశ్చాత్యులకు వీలుగా నియమాలు సడలించడానికి అక్కడ ఒప్పుకోలేదు. రోజుకు ఒకపూట భోజనం. డబ్బు ముట్టకూడదు. వినయంలోని 227 నియమాలూ పాటించాలి. తిండి ఎక్కడిదంటే చుట్టుపక్కల వరి రైతులు పెట్టిందే. ఆ రైతులు విదేశీ భిక్షువు తత్త్వచింతనను తూచి అన్నం పెట్టరు. అతని నడవడి చూసి పెడతారు. అన్నం తిన్నందుకు ఆ నడవడికి అతను జవాబుదారీ.

నమ్మకం లేని ఆచరణ ఒట్టి తంతు కాదా అన్నది బలమైన ఆక్షేపణ. థాయ్‌లాండ్ లోపలి నుంచే దీన్ని గట్టిగా అన్నవాడు బుద్ధదాస భిక్షువు. 1932లో ఛైయా దగ్గర స్వాన్ మోఖ్ ఆరామం స్థాపించిన ఈ మహానుభావుడు, స్వర్గం వస్తుందనీ వచ్చే జన్మలో డబ్బు వస్తుందనీ పుణ్యం చేయడాన్ని బేరమని నిర్మొహమాటంగా తప్పుపట్టాడు. అర్థం తెలియని తంతు మనిషిని ఎక్కడికీ చేర్చదన్నాడు. ఆయన మాటకు నేను తలవంచుతాను. అయితే ఆయన గురి ఎవరి మీదో చూడాలి. ఆయన తప్పుపట్టిన బేరగాడికి నమ్మకం దండిగా ఉంది, లేనిది ఉదారత. నమ్మకం లేకుండానే పొరుగువాడి దుఃఖంలో కూర్చుని, వాడి తల్లి పేరు మీద అన్నం పెట్టేవాడు బుద్ధదాసుడి విమర్శకు అందడు. కర్మకు ప్రాణం సంకల్పమేనని బుద్ధుడే చెప్పిన సంప్రదాయం అది. ఆ విమర్శ నిజంగా తగిలేది మరొకరికి. విదేశం నుంచి వచ్చి అరణ్య ఆరామాల్లో ధ్యానం నేర్చుకుని, అదే అసలైన బౌద్ధమనీ, పూలూ అగరొత్తులూ అన్నదానాలూ పల్లెటూరి మూఢత్వమనీ తీర్పు చెప్పి వెళ్లిపోయేవారికి. వాళ్లు కూర్చున్న చాప, తాగిన నీళ్లు, నేర్పిన గురువు పాత్రలోని అన్నం ఆ పల్లెటూరి పుణ్యకార్యాల నుంచి వచ్చినవే. ఆ రుణాన్ని కాదని ధ్యానఫలాన్ని మాత్రం మూటగట్టుకోవడాన్ని నేను కపటమంటాను.

సొంత మతం విగ్రహానికి మొక్కవద్దని ఆజ్ఞాపించినవారి సంగతి వేరు. వారు మోకరిల్లనవసరం లేదు. దక్షిణ థాయ్‌లాండ్‌లోని పట్టానీ, యాలా, నరాథివాట్‌లలో ముస్లింలు తరతరాలుగా మొక్కకుండానే థాయ్ పౌరులుగా బతుకుతున్నారు. నలుగురిలో మర్యాదగా పక్కన నిలబడటం అబద్ధపు మొక్కు కన్నా మేలు.

తెలుగు హిందువుకు ఎదురయ్యే ప్రమాదం దీనికి సరిగ్గా వ్యతిరేకం. పరాయితనం అతన్ని బాధించదు. అతిచనువు తప్పుదారి పట్టిస్తుంది. అయుథ్యా పేరులో అయోధ్య, వాట్ ఫ్రా కేవ్ ఆలయం గోడల మీద రామాయణం, బ్యాంకాక్ నడిబొడ్డున 1956లో వెలసిన ఎరవాన్ మందిరంలో చతుర్ముఖ బ్రహ్మ. ఇవన్నీ చూసి ‘మనదే కదా’ అనుకుని ఊరుకుంటాడు. గుంటూరు జిల్లా చేబ్రోలు లాంటి ఏ కొద్ది చోట్లో తప్ప మన బ్రహ్మకు గుడి లేదు. అక్కడి బ్రహ్మకు కోరిక తీరినవాళ్లు చెక్క ఏనుగులు సమర్పిస్తారు, నాట్యం చేయిస్తారు. 1797లో మొదటి రామరాజు రాయించిన రామకియెన్‌లో హనుమంతుడు రావణుడి కూతురైన మత్స్యకన్యను వరిస్తాడు, బిడ్డను కంటాడు. మన బ్రహ్మచారి ఆంజనేయుణ్ని అక్కడ వెతికితే వాళ్ల హనుమంతుణ్ని చూడనట్టే. చరిత్రను ఆధారం చేసుకున్నా హక్కు దక్కదు. అమరావతి శిల్పశైలి ఛాయలు ద్వారావతి బుద్ధుల్లో ఉన్నాయన్నది నిజం. నాగార్జునకొండలో సింహళ విహారం ఉండేదనీ శాసనం చెబుతోంది. కానీ థేరవాదుల కథావత్థు వ్యాఖ్యానం తెరిస్తే, పూర్వశైలీయులు, అపరశైలీయులు వంటి ఆంధ్ర భిక్షువుల మతాలు అడుగడుగునా పూర్వపక్షంగా, ఖండించాల్సిన వాదాలుగా కనిపిస్తాయి. మన పూర్వులు ఆ సంప్రదాయానికి ప్రత్యర్థులు కూడా. పైగా మన నేల మీద బౌద్ధం స్తూపాల శిథిలాలుగా మిగిలింది; దాన్ని రోజూ అన్నం పెట్టి బతికించుకున్నది వాళ్లు. అక్కడ పీట వేసుకుని కూర్చునే ముందు, ఆ ఇంటివాళ్ల పద్ధతి ఏమిటని అడిగి తెలుసుకోవడం తెలుగువాడి మొదటి బాధ్యత.

చివరి ఆక్షేపణ అన్నిటికన్నా కష్టమైనది. బాధ్యత మోయడమంటే అన్యాయాన్ని కూడా మోయడమా? 1928లో సంఘరాజు ఇచ్చిన ఆదేశం స్త్రీలకు దీక్ష ఇవ్వరాదంది. థాయ్ సంఘం నేటికీ భిక్షుణులను గుర్తించదు. 2009లో అజాన్ ఛా శిష్యుడైన అజాన్ బ్రహ్మ్ ఆస్ట్రేలియాలోని పెర్త్ దగ్గర స్త్రీలకు ఉపసంపద జరిపిస్తే, మాతృ ఆరామమైన వాట్ నాంగ్ పా పాంగ్ ఆయనతో సంబంధం తెంచుకుంది. ఆయన చేసింది న్యాయమని నేను నమ్ముతాను. తమను సంప్రదించలేదన్న పెద్దల నొప్పీ అబద్ధం కాదు. బయట నిలబడి విమర్శించిన పరదేశిని వెలివేయాల్సిన పని ఎవరికీ రాదు. దశాబ్దాలపాటు ఆ నియమాల కింద బతికినవాడు గనకే ఆయన చేసిన పనికి అంత బరువు వచ్చింది. ఆ పనికి మూల్యం కూడా ఆయనే చెల్లించాడు. అభ్యంతరం చెప్పే హక్కు అలాంటివాడికి మొదట వస్తుంది. బ్యాంకాక్‌లో కాపురమున్న తెలుగు ఇల్లాలికి కూడా సంఘాన్ని పూర్తిగా ఒప్పుకోవడం, పూర్తిగా తోసిపుచ్చడం అన్న రెండు దారులే లేవు. నగరానికి పడమటనున్న నఖోన్ పథోమ్‌లో, 2003లో శ్రీలంకలో ఉపసంపద పొందిన ధమ్మానంద భిక్షుణి ఆరామం ఉంది. సంఘం గుర్తించకపోయినా అక్కడి భిక్షుణులు పాత్రలు పట్టుకుని వీధిలోకి వస్తారు, ఊరివాళ్లు చెప్పులు విడిచి అన్నం పెడతారు.