మిలట్రీ మామ్మ ఏం చేసేది?

మా మామ్మ పెద్దకర్మ నాడు ఇంటి ముందు పందిరి వేసి, ఆమె ఫొటో పెట్టి, కింద అట్ట మీద రెండు వరుసలు రాయించాం. "మాజీ సైనికుని ధర్మపత్ని. ఓర్పుకు మారుపేరు." నలుగురు పెద్దలు లేచి మాట్లాడారు. ముగ్గురు మా తాత గురించి మాట్లాడారు. నాలుగోవారు మామ్మ ఓర్పు గురించి చెప్పారు. ఆ మాటలు రాసిచ్చింది మేమే.

భోజనాలయ్యాక మా బడిలో ఆరో తరగతి చదివే పిల్ల ఒకతె ఆ అట్ట దగ్గర నిలబడి అడిగింది. "సార్, ఈ మామ్మ ఏం చేసేది?"

"మిలట్రీ తాత భార్యమ్మా" అన్నాం.

"అది రాసుంది సార్. ఏం చేసేది?"

ఇరవై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నవాళ్లం. ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాం. పోయినవారిని పొగడడం, జ్ఞాపకం పెట్టుకోవడం ఒకటేనా అన్న ఆలోచన ఆ రోజు మొదలైంది. ఈ వ్యాసం ఆ ఆలోచనే.

మాది సీతంపేట కొండల్లో ఒక జాతాపు ఊరు. మా తాత 1963లో సైన్యంలో చేరాడు. చైనాతో యుద్ధం ముగిసి ఏడాది కాలేదు. ఊరూరా జవాన్లను తీసుకుంటున్న రోజులవి. 1979లో పింఛనుతో తిరిగొచ్చాడు. జవానుకు పింఛను రావాలంటే కనీసం 15 ఏళ్ల సర్వీసు ఉండాలి, ఆయనకు 16 ఏళ్లు నిండాయి. ఏడాదికి రెండు నెలల సెలవు. అన్ని సెలవులూ దొరికాయనే అనుకుని లెక్క కట్టినా, ఆ 16 ఏళ్లలో మామ్మ, తాత ఒక కప్పు కింద ఉన్నది 32 నెలలు. మిగిలిన పదమూడేళ్ల పైచిలుకు ఆమె ఒక్కతే ఉంది. ఊరు ఆమెను మొదట "మిలట్రీవోళ్ల కోడలు" అంది, తలనెరిశాక "మిలట్రీ మామ్మ" అంది. సొంత పేరుతో పిలిచినవాళ్లను మేం చూడలేదు.

ఆ పదమూడేళ్లలో ఏం చేసింది? పోడు కొట్టింది. చోళ్లు, సామలు, కందులు వేసింది. అడ్డాకులు, చింతపండు, కొండచీపుళ్లు నెత్తిన పెట్టుకుని వారపు సంతకు దిగింది. మామగారికి పక్షవాతం వస్తే నాలుగేళ్లు ఎత్తి దించింది. ముగ్గురు పిల్లల్ని కని, ఒకర్ని జ్వరానికి పోగొట్టుకుంది. ఆ బిడ్డ పోయిన సంగతి తాతకు ఉత్తరంలో చేరేసరికి ఇక్కడ దినాలు కూడా అయిపోయాయి. కందికొత్తల పండగకు మగవాడు చేయాల్సిన పనులు మరిదితో చేయించి, ఇంటి మర్యాద నిలబెట్టింది.

1967 నుంచి 1970 దాకా మా కొండల్లో గిరిజన పోరాటం నడిచిన రోజులు పెద్దలందరికీ తెలుసు. రాత్రిళ్లు ఊళ్లల్లో తనిఖీలు జరిగేవి. "ఇంట్లో మగవాడేడి?" అన్నదే మొదటి ప్రశ్న. మగవాడు లేని ఇల్లంటే అనుమానం. మామ్మ గోడ మీది ఫొటో తీసి దీపం వెలుగులో పట్టుకునేదట. యూనిఫారంలో ఉన్న తాత ఫొటో అది. చూసి వెళ్లిపోయేవారట. పక్కింట్లో అలాంటి ఫొటో లేదు. ఆ ఇంటి ఆడవాళ్లూ పిల్లలూ ఎన్నో రాత్రులు మా ఇంట్లోనే పడుకున్నారు. ఈ సంగతి మామ్మ ఎప్పుడూ చెప్పుకోలేదు. పక్కింటి పెద్దమ్మ చెబితే మాకు తెలిసింది. దీన్ని ఓర్పు అంటారా? ధైర్యం అంటారు. ఆ రోజుల్లో అది ప్రమాదం కూడా.

ఇంకో సంగతి. మామ్మకు చదువు రాదు. కానీ 56, 99 అనే రెండు అంకెలు గుర్తుపట్టేది. సైన్యంలో ఉన్నవాళ్ల చిరునామాలో వాళ్లున్న ఊరు పేరు ఉండదు. యూనిట్ పేరు, 56 ఏపీవో అనో 99 ఏపీవో అనో ఉంటుంది. 99 అంటే తూర్పు వైపు. తాత ఉత్తరం మీద 56 పోయి రెండు తొమ్మిదులు వస్తే, మనిషి ఇంకో దిక్కుకు మారాడని ఆమెకు అర్థమయ్యేది. ఆయన గురించి ఎవరి నోటి సాయం లేకుండా ఆమెకు తెలిసింది ఆ రెండు అంకెలే. మిగతాదంతా సంతలో షావుకారు గుమస్తా చదివి వినిపించేవాడు. భర్త రాసిన మాట పరాయి మగవాడి నోట, పదిమంది మధ్య, బేరాల నడుమ వినేది.

1994లో తాత పోయాడు. కుటుంబ పింఛను కోసం కాగితాలు పెడితే ఒక ఆఫీసులో ఆపేశారు. సర్వీసు రికార్డులో ఆమె పేరు ఒక రకంగా, రేషను కార్డులో ఇంకో రకంగా ఉంది. అప్పట్లో ఎవరికి వినిపించినట్టు వారు రాశారు. తప్పు ఆమెది కాదు, రుజువు చేసుకోవాల్సిన పని మాత్రం ఆమెదే అయింది. ఏడాది పైనే తిరిగింది. పింఛను వచ్చాక కూడా ఏటా నవంబరులో బ్యాంకుకు వెళ్లి బతికే ఉన్నానని కాగితం ఇవ్వాలి. ఒకసారి ఆమె అంది. "పదారేళ్లు మీ తాత ఉన్నాడో నేడో నాకెవులూ సెప్పనేదు. ఇప్పుడు నానున్నానని ఏడాదికోపాలి నానే ఎల్లి సెప్పాల."

ఆ కాగితాల కోసమే తాత నల్ల ట్రంకుపెట్టె తెరిచాం. మేం మనవలం అప్పుడు బడిపిల్లలం. పెట్టె అడుగున దారంతో కట్టిన ఉత్తరాల కట్ట కనబడింది. చదవమంది. ఒక్కొక్కటే చదువుతుంటే, 1971 డిసెంబరు నాటి ఉత్తరం దగ్గర మామ్మ చెయ్యెత్తి ఆపింది. అందులో తాత ఇలా రాశాడు: నాకు భయంగా ఉంది, నేను రాకపోతే పిల్లల్ని బడి మాన్పించకు.

"ఈ ముక్క నాకు సదవనేదు" అంది.

అప్పట్లో ఆమె విన్నది "క్షేమం, డబ్బు పంపుతాను" అన్నంతవరకే. ఆ గుమస్తా జాలిపడి వదిలేశాడో, బేరం తొందరలో వదిలేశాడో తెలియదు. ఆ ముక్క మళ్లీ మళ్లీ చదివించుకుని మామ్మ అంది. "అయితే ఆయనా బయపడ్డాడన్నమాట. నానొక్కత్తినే అనుకున్నాను."

ఇరవై మూడేళ్లు ఒక మనిషి తన భయాన్ని ఒంటరిగా మోసింది. పంచుకోవలసిన మాట చేతిలోకి వచ్చింది, చెవిదాకా రాలేదు. చదువెందుకని అడిగే పిల్లలకు మేం ఇప్పటికీ చెప్పేది ఈ సంగతే. ఉద్యోగం తర్వాత మాట. ముందు, నీకు రాసిన ఉత్తరం నువ్వే చదువుకోవాలి.

ఇవన్నీ తెలిసి కూడా మేం అట్ట మీద "ఓర్పు" అని రాయించాం. ఎందుకు రాశాం? ఆలోచిస్తే సిగ్గుగా ఉంది. ఓర్పు అన్నామంటే ఎదుటివారికి ఏమీ బాకీ ఉండదు. వాళ్లే ఓర్చుకున్నారు, వాళ్ల గుణం అది, మనం దండం పెడితే సరిపోతుంది. అదే "పని" అన్నామనుకోండి, ఎవరి కోసం చేసింది, ఎంత చేసింది, ఎవరు కూలి ఇచ్చారు అని లెక్క వస్తుంది. తాత సర్వీసుకు పుస్తకం ఉంది, నంబరు ఉంది, పతకాలున్నాయి. ఆయన సరిహద్దులో నిలబడగలిగింది ఇక్కడ పొలం, పిల్లలు, ముసలి తండ్రి నిలబడ్డారు గనుక. ఆ సర్వీసుకు పుస్తకం లేదు.

ఇది మా ఇంటి కథే కాదు. 1971 యుద్ధంలో పరమవీర చక్ర పొందిన నలుగురిలో లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా ఒకరు. ఇప్పటి జార్ఖండ్ గుమ్లా జిల్లాలోని జారి గ్రామానికి చెందిన ఒరాన్ ఆదివాసీ. 14 గార్డ్స్ దళంలో ఉండి, 1971 డిసెంబరు 3న గంగాసాగర్ పోరులో ప్రాణాలిచ్చారు. రాంచీ నడిబొడ్డున ఆయన పేరిట చౌక్ ఉంది. ఆయన్ని ఖననం చేసింది త్రిపురలో. సొంత ఊరికి సమాధి మట్టి చేరడానికే నాలుగు దశాబ్దాలు దాటింది. ఆయన భార్య బలమదీనా ఎక్కా అన్నేళ్లూ ఆ ఊళ్లో బతికారు, కొడుకును పెంచారు. ఆయన చివరి పోరు గురించి మన పిల్లలకు పాఠం చెప్పగలం. ఆమె బతుకు గురించి ఎన్ని వాక్యాలు చెప్పగలం?

తెలుగు నేల మీద పాత ఊళ్లలో వీరగల్లులు కనిపిస్తాయి. పోరులోనో, పశువుల మందను కాపాడుతూనో చనిపోయినవారికి నిలిపిన రాళ్లు. అక్కడక్కడ సతిశిలలు కూడా ఉన్నాయి, భర్తతో పాటు చనిపోయిన భార్యలవి. అంటే ఆమె కూడా చనిపోతేనే రాయి. బతికి, దున్నించి, పిల్లల్ని పెంచిన ఆవిడకు రాయి లేదు. మా పొరుగున ఉన్న సవరల పద్ధతి వేరు. గువార్ చేసినప్పుడు పోయినవారి పేరిట రాయి నిలుపుతారు. వీరుడా కాదా అని అడగరు. ఆడామగా తేడా చూడరు. బతికి పోయిన మనిషి అయితే చాలు. జ్ఞాపకం విషయంలో ఈ న్యాయం మన కొండల్లోనే ఉండగా, మేం మాత్రం అట్ట మీది మాటలు బయటినుంచి అరువు తెచ్చుకున్నాం.

ఇక్కడ ఒక అడ్డుప్రశ్న ఉంది. మామ్మ తనకోసం ఏమీ అడగలేదు కదా, పోయాక ఆమె తరఫున లెక్కలు తీయడానికి మనమెవరం? "నానేటి సేసినానురా?" అనేది ఆమే. ఈ ప్రశ్న న్యాయమైనదే. ఆమె అనని మాట ఆమె నోట పెట్టకూడదు. కానీ అన్న మాటను దాచకూడదు కూడా.

ఆమె అన్న మాట ఒకటి మేం పెద్దకర్మ నాడు దాచాం. 1985లో మా చిన్నాన్న సైన్యంలో చేరతానన్నాడు. తాత సంతోషించాడు. మామ్మ వద్దంది. "ఒక ఇంటికి ఒకడు సాలు" అంది. తాత రెండు రోజులు అన్నం మానేశాడు. ఆమె దిగిరాలేదు. చిన్నాన్న వెళ్లలేదు. జీడితోట చూసుకుంటూ ఊళ్లోనే ఉండిపోయాడు. అమ్మ తన బతుకు తెరువుకు అడ్డుపడిందని ఇవాళ్టికీ అంటాడు. ఆయన మాటలో నిజం లేదనలేం. ఆ జీతం వచ్చి ఉంటే ఆయన పిల్లల చదువు ఇంకోలా ఉండేదేమో. మామ్మ చేసింది తప్పో ఒప్పో తేల్చే తీర్పు మాకు రాదు. కానీ ఆ "వద్దు" అన్న మనిషిని వదిలేసి ఓర్పు బొమ్మను పందిట్లో కూర్చోబెడితే, అక్కడ ఉన్నది మా మామ్మ కాదు. దేశాన్ని కాదన్నట్టు అవుతుందని భయపడి ఆ సంగతి దాచాం. ఆమె దేశాన్ని కాదనలేదు. తన వంతు ఇచ్చానని చెప్పింది. ఎంత ఇచ్చిందో తెలిసిన మనిషి కాబట్టే చెప్పగలిగింది.

మా ఊరి రోడ్డు మీద ఇప్పుడూ తెల్లవారుజామున కుర్రాళ్లు పరుగు తీస్తుంటారు. 2022లో అగ్నిపథ్ వచ్చాక సర్వీసు నాలుగేళ్లు, నూటికి ఇరవై ఐదు మందికి మించి ఆ తర్వాత ఉండరు. సైనిక పోలీసు విభాగంలో ఇప్పుడు ఆడపిల్లల్ని కూడా తీసుకుంటున్నారు, మా బడిలో చదివిన ఒక పిల్ల ఆ పరుగులో ఉంది. వెళ్లండి, మేం కాదనం. కానీ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు వెళ్లాక ఇంటి దగ్గర ఎవరి మీద ఏ బరువు పడుతుందో ముందే లెక్క వేసుకోండి. పంపే డబ్బుతో పాటు ఆ లెక్క కూడా మీ బాధ్యతే. ఉత్తరాల కాలం పోయి ఫోన్లు వచ్చాయి, భయంగా ఉంటే ఇంటివాళ్లకు ఆ మాట చెప్పండి.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఆ పెద్దకర్మ తర్వాత మా బడిలో ఒక పని పెట్టాం. ప్రతి పిల్లా, పిల్లాడూ ఇంట్లోనో, పొరుగునో ఉన్న ఒక ముసలమ్మ దగ్గర కూర్చుని, ఆమె ఏం చేసిందో ఒక పేజీ రాయాలి. షరతు ఒక్కటే. "ఓర్పు", "త్యాగం" అనే రెండు మాటలు వాడకూడదు. మొదట్లో పిల్లలకు వాక్యం కదల్లేదు. తర్వాత కదిలింది. దున్నింది, మోసింది, అమ్మింది, తిట్టింది, దాచింది, వద్దంది అని రాశారు. ఒక్కో నోట్‌బుక్కులో ఒక్కో మనిషి లేచి నిలబడింది.

మా ఇంట్లో ఆ అట్ట తీసేశాం. ఫొటో కింద ఇప్పుడు మామ్మ పేరు ఉంది, సర్వీసు పుస్తకంలోదీ కాదు, రేషను కార్డులోదీ కాదు, ఆమె పలికినట్టుగా రాసిన పేరు. పక్కన ఆ 1971 ఉత్తరం గాజు కింద పెట్టాం. ఆరో తరగతి పిల్ల మొన్న మళ్లీ వచ్చింది. ఇప్పుడు ఏడో తరగతి. ఉత్తరం మొత్తం తనే పైకి చదివింది, ఒక్క ముక్క కూడా వదలకుండా.