మీ వాళ్లేగా సార్!

"ఇవన్నీ కూల్చింది మీ వాళ్లేగా సార్?"

వరంగల్ కోటలో, కీర్తితోరణాల మధ్య నిలబడి ఒక ఏడో తరగతి పిల్లవాడు అడిగాడు. వాడి మొహంలో ద్వేషం లేదు. లెక్కల సార్‌ని లెక్క అడిగినట్టే అడిగాడు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. ద్వేషంతో అడిగిన వాడికి జవాబు చెప్పడం తేలిక. ఇరవై ఏళ్లుగా పత్రికల్లో ఆ పనే చేస్తున్నాను. తెలియక అడిగిన వాడికి, అందులోనూ చేతిలో నోటుబుక్కు, పెన్నూ పట్టుకుని నేను చెప్పింది రాసుకోవడానికి నిలబడ్డ వాడికి ఏం చెప్పాలి?

మా ఊళ్లో చిన్న చరిత్ర సంఘం ఒకటుంది. రిటైరైన టీచర్లు, ఒక తెలుగు లెక్చరరు, ఒక ఫోటోగ్రాఫరు, నేను. ఆదివారాలు బడిపిల్లల్ని కోటకూ, వేయిస్తంభాల గుడికీ, కాజీపేట దర్గాకూ తీసుకెళ్లి కథ చెబుతాం. జీతం లేదు, చాయ్ మాత్రం ఉంటుంది. నేను చేరిన మొదటి రోజే పని పంచారు. "మసీదులు, దర్గాలు, ఫార్సీ శాసనాలు మీవి భాయ్" అన్నారు. నాకు ఫార్సీ రాదు. ఉర్దూ ఇంట్లో నేర్చుకున్నాను, తెలుగు బళ్లో నేర్చుకున్నాను, బి.ఏ.లో చరిత్ర చదివాను. అయినా ఉర్దూ, ఫార్సీ, అరబ్బీ ఒకటే అనుకునే వాళ్లకు ఎన్నిసార్లని చెప్తాం! వాళ్లు మంచివాళ్లు, అందులో అనుమానం లేదు. ప్రేమగానే పంచారు. కాకతీయుల గుడి గురించి చెప్పడానికి నాకూ నోరుందని వాళ్లకు తోచలేదు, అంతే. ఆ ఆదివారం లెక్చరరుకు జ్వరమొచ్చింది కాబట్టి తోరణాలు నా వంతుకొచ్చాయి. వెంటనే ఈ ప్రశ్నా వచ్చింది.

నా జేబులో ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి 'తపతీసంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నెగంటి తెలగన అచ్చతెలుగులో రాసిన 'యయాతిచరిత్ర'ను అంకితం పుచ్చుకున్నది పటాన్‌చెరువు ఏలిన అమీన్‌ఖాన్. 1992 డిసెంబర్ తర్వాత సభల్లో మాట్లాడే ముస్లిం ఎవడైనా ఈ మూడు వాక్యాలనూ రేషన్ కార్డులా వెంటబెట్టుకుని తిరగాల్సి వచ్చింది. నేనూ తిరిగాను.

ఆ రోజు కార్డు తీయబోయి ఆగిపోయాను. 1323లో పగిలిన రాయిని, రెండువందల ఏళ్ల తర్వాత ఇంకో వంశపు రాజు తెలుగు మీద పెట్టుకున్న ప్రేమ ఎలా అతికిస్తుంది? ఈ రాజు ఖాతాలో అప్పు రాసి, ఆ రాజు ఖాతాలో జమ చూపిస్తే, రెండు ఖాతాలూ నావేనని నేనే సంతకం పెట్టినట్టు కాదా? "మీ వాళ్లు" అన్న మాటను ఆ పిల్లవాడి కంటే ముందు నేనే ఒప్పేసుకున్నట్టు కాదా?

గుంపు వెనక మా పిల్లలు ఇద్దరున్నారు. ఒకడు తల వంచుకుని గోటితో రాయిని గీకుతున్నాడు, తననెవరూ చూడకూడదన్నట్టు. వాణ్ణి నేను గుర్తుపట్టాను. 1992లో నేనూ ఏడో తరగతే. బాబ్రీ మసీదు కూల్చాక బడి తెరిచిన రోజు ఎవరూ నన్నేమీ అనలేదు. అయినా హాజరు పిలుస్తుంటే నా పేరొక్కటే గట్టిగా వినబడ్డట్టనిపించింది.

కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఢిల్లీ నుంచి ఉలుగ్‌ఖాన్ సైన్యం వచ్చింది. ముట్టడి జరిగింది. ప్రతాపరుద్రుడు పట్టుబడ్డాడు. ఇక్కడి స్వయంభూదేవాలయం నాశనమైంది. అది మతం కాదు, రాజకీయమేనని మనవాళ్లు కొందరు రాస్తారు. శత్రురాజు కొలిచే దేవుణ్ణి దెబ్బతీయడం ఆ రోజుల్లో యుద్ధంలో భాగమేనన్నది నిజమే. కానీ గుడి పోగొట్టుకున్న భక్తుడికి ఆ వివరణతో ఏం పని? దాని చాటున దాక్కోవడం నాకిష్టం లేకపోయింది.

తర్వాత పిల్లల్ని ఖుష్‌మహల్ వైపు నడిపించాను. దీన్ని షితాబ్‌ఖాన్ కట్టించాడంటారు. కాదు, తుగ్లక్‌ల కాలానిదేనని ఈమధ్య పరిశోధకులు తేల్చారు. ఈ షితాబ్‌ఖాన్ ఎవరు? ఖాన్ బిరుదున్న సీతాపతి, హిందువు. బహమనీలు బలహీనపడ్డాక వరంగల్ ఏలి, పాంచాలరాయుడి విగ్రహాన్ని తిరిగి నిలిపినట్టు 1504లో ఇక్కడే శాసనం వేయించాడు. ఇంకొకడు మాలిక్ మక్బూల్. కాకతీయుల కొలువులోని తెలంగాణ మనిషి. ఓడి, ఢిల్లీ వెళ్లి, ఇస్లాం పుచ్చుకుని, ఫిరోజ్‌షా తుగ్లక్‌కు వజీరయ్యాడు. వీళ్లలో ఎవరు మా వాళ్లు, ఎవరు మీ వాళ్లు? పిల్లలు నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు.

ఇంటికొచ్చాక ఆ చప్పట్లు రుచించలేదు. నేను క్విజ్‌లో గెలిచాను, అంతే. షితాబ్‌ఖాన్ అనేవాడే పుట్టకపోతే? నాకు అనుకూలంగా ఒక్క సాక్షినీ చరిత్ర మిగల్చకపోతే? అప్పుడు నేను దోషినయ్యేవాణ్ణా? ఎవడి మూట వాడే మోయాలని మా అమ్మీ అంటుండేది. ఖురాన్‌లోంచి ఆమెకు అబ్బిన మాట అది. ఆ లెక్కన ఉలుగ్‌ఖాన్ మూట నాది కాదు. ఇక్కడిదాకా మనందరికీ ఇష్టమే. కానీ మూట మోయననే వాడు కిరీటం మాత్రం ఎలా పెట్టుకుంటాడు?

రెండు నెలల తర్వాత మండీబజారు వైపు ఉర్దూ మీడియం పిల్లల్ని అదే కోటకు తీసుకెళ్లాం. ఖుష్‌మహల్ లోపల, ఆ ఎత్తయిన కమానుల కింద, ఒక అమ్మాయి తలెత్తి చూస్తూ అడిగింది: "సర్, ఏ సబ్ హమారా థా నా?" ఇదంతా ఒకప్పుడు మనదే కదా అని. నిజం చెబుతున్నాను, అవునని అనాలనిపించింది. ఆ పిల్ల కళ్లలో వెలుగు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఆ పిల్ల తండ్రి ఏ ఆటోనో నడుపుతుంటాడు, ఇంటికి నల్లా నీళ్లు సరిగా రావు. ఒక్క గంటసేపు ఒక మహలిస్తే తప్పేమిటి?

మా దాదా అజంజాహీ మిల్లులో పనిచేశాడు. ఆ మిల్లుకు నిజాం పెద్దకొడుకు పేరు పెట్టారు. మా దాదాకు ఇత్తడి బిళ్ల మీద ఒక నంబరు ఇచ్చారు. అక్కడ ఆయనతో పాటు బీడీ పంచుకున్న వాళ్లంతా పద్మశాలీలు, మాలలు, మాదిగలు. ఆయన వాళ్ల మనిషి గానీ నిజాం మనిషి కాదు. ఆ పిల్లకు ఈ కథే చెప్పాను. కొంచెం నిరాశ పడింది.

దీని గురించి నా మిత్రుడొకాయన, మంచి కవి, నాతో గొడవపడ్డాడు. "మెజారిటీ వాళ్లు తమ రాజుల్ని వదులుకోగలరు, వాళ్లకు ఇంకా చాలా ఉంది. మన పిల్లలకు మిగిలింది ఒక చార్మినార్ బొమ్మ. అదీ లాక్కుంటావా?" అన్నాడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. బలవంతుడు ఉదారంగా ఉండడం, బలహీనుడు నిజాయితీగా ఉండడం ఒకే ఖరీదు కావని నాకూ తెలుసు. అయినా రాజుల వారసత్వం కంటే పని వారసత్వం ఎక్కువ దన్నిస్తుందని నా నమ్మకం. హైదరాబాద్ రాష్ట్రంలో పురావస్తు శాఖ 1914లో ఏర్పడితే, దాని మొదటి డైరెక్టరు గులాం యజ్దానీ. అజంతా చిత్రాలు పెచ్చులూడుతుంటే 1920లో ఇటలీ నుంచి నిపుణుల్ని రప్పించి కాపాడిన శాఖ అది. తర్వాత ఆయన అజంతా మీద నాలుగు భాగాల గ్రంథం తెచ్చాడు. అవి ఎవరి గుహలని ఆయన అడగలేదు. (చూశారా, మళ్లీ కార్డు తీశాను! అలవాటు అంత త్వరగా పోదు.)

సంఘంలో నేను కోరింది ఒక్కటే. పని మార్చుకుందామన్నాను. గుళ్లు నాకు, దర్గా లెక్చరరు గారికి. ఆయన తటపటాయించారు. "ఏదైనా తప్పు మాట్లాడతానేమో భాయ్, మీ వాళ్లు నొచ్చుకుంటారేమో" అన్నారు. ఇన్నేళ్లుగా ప్రతి ఆదివారం నోరు తెరిచే ముందు నా భయం కూడా అదేనని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పై వారం నుంచి కాజీపేటకు వస్తున్నారు. కొన్ని తప్పులు చెప్పారు, ముజావర్ సరిదిద్దాడు, ఎవరూ నొచ్చుకోలేదు.

ఇప్పుడు పిల్లలకు ఇంకో పని కూడా పెట్టాం. ఇంట్లో ఉన్న ఏదైనా పాత కాగితం తేవాలి. తోరణాల దగ్గర నన్ను ప్రశ్నించిన పిల్లవాడు ఇనప్పెట్టె అడుగునుంచి ఒక దస్తావేజు తెచ్చాడు. నిజాం కాలం నాటిది, ఉర్దూలో ఉంది. వాళ్లింట్లో చదవగలిగిన వాళ్లు లేరు. గొలుసుకట్టు రాత, కష్టపడి చదివాను. వాళ్ల ముత్తాత పొలం హద్దులు అందులో ఉన్నాయి. పడమట వాగు, ఉత్తరాన బాట, దక్షిణాన చెరువుకట్ట, తూర్పున ఒక దూదేకులాయన చెలక.

"వాళ్లిప్పుడెక్కడున్నారు సార్?" అన్నాడు.

తెలీదన్నాను. తూర్పు హద్దు ఇప్పుడెవరిదో ఇంట్లో అడిగి, వచ్చే ఆదివారం చెబుతానని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.