పగ్గాలు ఎప్పుడు అందుకోవాలి?

 

మొన్నటి వీడియోలో పార్థసారథి గురించి చెప్పుకున్నాం కదా. అంత శక్తి ఉన్న కృష్ణుడు తనే యుద్ధం చేసేస్తే గంటలో తేలిపోయేది, మరి అర్జునుడితోనే ఎందుకు చేయించాడు? చిన్నప్పటి నుంచి నాకిదే డౌట్. ఈ మధ్య పైలట్ల ట్రైనింగ్ గురించి చదువుతుంటే కొంచెం అర్థమైంది.

శిక్షణ విమానంలో కంట్రోల్స్ రెండు సెట్లు ఉంటాయి. మంచి ఎత్తులో ఉండగా ఇన్‌స్ట్రక్టర్ కావాలనే పవర్ తగ్గించేసి, "ఇంజిన్ ఆగిపోయిందనుకో, ఎక్కడ దింపుతావ్?" అంటాడు. కుర్రాడు కంగారుపడతాడు, అందనంత దూరంలో ఉన్న పొలం చూపిస్తాడు. అయినా గురువు వెంటనే అందుకోడు. తనంతట తను సరిదిద్దుకునే టైమ్ ఉన్నంతసేపూ ఆగుతాడు. రేపు ఒంటరిగా ఎగిరినప్పుడు తప్పులోంచి బయటపడటం ఆ చేతులకే తెలిసి ఉండాలి మరి. ఇక లాభం లేదనుకుంటే "ఐ హ్యావ్ కంట్రోల్" అంటాడు. అప్పుడు స్టూడెంట్ మారుమాట లేకుండా వదిలేయాలి.

2023 డిసెంబర్ 4న దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ నుంచి లేచిన పిలాటస్ శిక్షణ విమానం తూప్రాన్ దగ్గర కూలిపోయింది. ఇన్‌స్ట్రక్టర్, క్యాడెట్ ఇద్దరూ చనిపోయారు. కారణాల జోలికి నేను వెళ్లను. నేర్పేవాడు కూడా అదే విమానంలో కూర్చుంటాడన్న సంగతి మాత్రం మనసులోంచి పోవట్లేదు.

కృష్ణుడూ అదే రథంలో ఉన్నాడు, బాణాలు ఆయనకీ తగిలాయి. (పిలాటస్‌లో గురువు సీటు వెనక, రథంలో ముందు!) భీష్ముడి మీద అర్జునుడి చెయ్యి ఆడకపోతే, ఆయుధం పట్టనన్న మాట కూడా పక్కనపెట్టి చక్రంతో కిందికి దూకాడు. అర్జునుడు కాళ్లు పట్టుకుని "నేనే చేస్తాను" అన్నాక వెనక్కొచ్చి మళ్లీ సారథిగానే కూర్చున్నాడు. నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఈ వెనక్కి రావడమే.

ఎందుకంటే నేను రాలేదు. ఆఫీసులో మా జూనియర్ ఒక రాత్రి డేటాబేస్ అప్‌డేట్‌లో పొరపాటు చేస్తే, కీబోర్డ్ లాక్కుని పది నిమిషాల్లో సరిచేశాను. అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు ఆ అబ్బాయి చిన్న ఎర్రర్ వచ్చినా చేతులు కట్టుకుని నాకు ఫోన్ చేస్తాడు.

మాది ఆత్మకూరు. ఉదయగిరి వెళ్లే దారిలో మా మావయ్య నాకు కారు నేర్పాడు. ఓసారి దూరంగా గొర్రెల మంద కనబడితే కంగారులో బ్రేక్ బదులు క్లచ్ తొక్కాను. ఆయన చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీదే ఉంది, కానీ లాగలేదు. "బ్రేకు రా అబ్బయ్యా" అన్నాడు, అంతే. ఎంత దూరం దాకా ఆగుదామనుకున్నాడో, పండక్కి వెళ్లినప్పుడు అడగాలి.