యాడి అంటే అమ్మ

ఒకటో తరగతిలో చేరిన మొదటిరోజు ఒక తండా పాప "యాడి, యాడి" అని ఏడ్చింది. పక్కగది సారు వచ్చి "యాడికి పోవల్లమ్మా?" అని బుజ్జగించారు. మన సీమలో యాడ అంటే ఎక్కడ కదా. మా సుగాలి ఇళ్లలో యాడి అంటే అమ్మ. ఆ సారు చెడ్డవారు కాదు, పిల్లల కోసం జేబులో చాక్లెట్లు పెట్టుకుని తిరిగే మనిషి.

అందరికీ ఒకే పుస్తకం, ఒకే పరీక్ష. అదే సమానత్వమని ట్రైనింగు రోజుల్లో మేమూ నమ్మాం. ఓబులదేవరచెరువు వైపు బడుల్లో పాఠాలు చెప్పాక ఆ నమ్మకం సడలింది. ఇంట్లో తెలుగు విని పెరిగిన బిడ్డ అక్షరాలు నేర్చుకుంటే చాలు. మా బిడ్డ అక్షరాన్నీ, భాషనూ ఒకేసారి మోయాలి. వెనకబడితే "తండా పిల్లలింతే" అంటారు.

మన సభల్లో 3వ నంబరు జీవో గురించే ఎక్కువ మాట్లాడుకుంటాం. 2000లో వచ్చిన ఆ జీవోను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ బాధ మాదీ. అయితే అది షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు పోస్టుల సంగతి, మా మండలం అందులో లేదు. రాజ్యాంగంలోని 350ఏ అధికరణకు ఆ సరిహద్దు లేదు. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవారి పిల్లలకు ప్రాథమిక దశలో తల్లిభాషలో చదువు చెప్పే వసతి కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని 1956లోనే చేర్చారు. 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షనూ బోధన తల్లిభాషలో సాగాలంటుంది, "సాధ్యమైనంత వరకు" అని కలుపుతూ.

ఆ మాట దగ్గరే మా పేచీ. సాధ్యం కాదని తేల్చిందెవరు? ఎప్పుడు తండాకొచ్చి చూశారు? ప్రయత్నించినవాళ్లకే కదా ఆ మాట అనే హక్కు. లిపి లేదంటారు. ఉమ్మడి రాష్ట్రంలోనే లంబాడీ మాటలకు తెలుగు లిపిలో వాచకాలు వేశారు. చదువుకున్న ఆడపిల్లలు తండాల్లోనే ఉన్నారు. ఒకటో తరగతిలో రోజుకు ఒక గంట వాళ్లను కూర్చోబెట్టడానికి కొండలు తవ్వాల్సిన పనేముంది?

ఇప్పటికి మేం ఇద్దరు ముగ్గురం పాఠాన్ని మా మాటలో తిప్పి చెబుతున్నాం. తనిఖీకి వచ్చినవారు "మీ మంచితనం" అంటారు. ఆ మెచ్చుకోలు మాకు మింగుడుపడదు. చట్టం ప్రభుత్వం మీద పెట్టిన పనిని మా మంచితనం ఖాతాలో రాస్తే, మాకు బదిలీ అయిన రోజు ఆ ఖాతా మూతపడుతుంది.

పోయిన బదిలీల్లో మాలో ఒకరు వెళ్లిపోయారు. ఆమె స్థానంలో వచ్చిన సారు మా దగ్గర కూర్చుని నోటుబుక్కులో ముప్పై మాటలు రాసుకున్నారు. ముప్పై మాటలతో ఏడాది నడవదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.