విద్వాంసురాలి ఋణం

శాస్త్రజ్ఞుడు ఎవరికి ఋణపడి ఉంటాడు? తనకు చదువుకునే తీరిక కల్పించిన శ్రామిక ప్రజలకు అని అభ్యుదయవాదులం వెంటనే జవాబు చెబుతాం. జవాబు సరైనదే. కాని ఆ ఋణం తీరిందా లేదా అని లెక్క చూసే పద్ధతిలోనే చిక్కు ఉంది. దేశంలో ఉన్నవాడు తీర్చినవాడు, దేశం దాటినవాడు ఎగవేసినవాడు అనే లెక్క మనలో చాలామందికి అలవాటు. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. వృక్షశాస్త్రం నా విద్య కాదు. అయినా ఈ లెక్క ఎంత అసమగ్రమో చూపడానికి ఒక చైనా వృక్షశాస్త్రజ్ఞురాలి జీవితాన్ని ఇక్కడ పరిశీలిస్తాను.

హు షియూయింగ్ 1910లో జియాంగ్సు రాష్ట్రంలో, షూజౌ సమీపాన ఒక పల్లెలో పుట్టింది. నాన్‌కింగ్‌లోని జిన్‌లింగ్ మహిళా కళాశాలలోనూ, కాంటన్‌లోని లింగ్నాన్ విశ్వవిద్యాలయంలోనూ చదివింది. జపాను దండయాత్ర సాగుతున్న కాలంలో, 1938 నుంచి 1946 వరకు, చెంగ్డూలో అధ్యాపకురాలిగా పనిచేసింది. 1946లో అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో మెరిల్ అనే పండితుని వద్ద చైనాలోని హాలీ చెట్లమీద పరిశోధన చేసి 1949లో డాక్టరేటు పొందింది. పట్టా మాత్రం రాడ్‌క్లిఫ్ మహిళా కళాశాల పేరు మీద వచ్చింది. ఆ డాక్టరేటును స్త్రీలకు హార్వర్డ్ తన పేరుతో ఇవ్వడం 1963లోగాని మొదలుకాలేదు! చైనాలో ప్రజా రిపబ్లిక్ అవతరించిన సంవత్సరం కూడా 1949. ఆమె తిరిగి వెళ్ళలేదు. బోస్టన్‌లోని ఆర్నాల్డ్ వృక్షవనంలోనే 1976 వరకు పనిచేసింది.

చైనా మొక్కల గురించి తెలుసుకోవడానికి బోస్టన్ ఎందుకు? ఈ ప్రశ్న వేస్తే సామ్రాజ్యవాద చరిత్ర బయటపడుతుంది. ఒక మొక్కకు మొట్టమొదట పేరు పెట్టినప్పుడు ఆధారంగా భద్రపరచిన ఎండు కొమ్మను శాస్త్రజ్ఞులు మూల నమూనాగా ఎంచుతారు. పేరు విషయంలో తగువు వస్తే దానిదే తుది సాక్ష్యం. చైనా కొండల్లో పెరిగిన వేలాది మొక్కల మూల నమూనాలు లండన్, పారిస్, బోస్టన్ నగరాల బీరువాల్లో చేరాయి. ఎర్నెస్ట్ విల్సన్ మొదట ఒక ఇంగ్లీషు మొక్కల వర్తక సంస్థ కోసం, తరువాత ఆర్నాల్డ్ వనం కోసం చైనాలో మొక్కలు సేకరించాడు. 1930 ప్రాంతంలో చిన్ రెన్‌చాంగ్ అనే చైనా శాస్త్రజ్ఞుడు స్వదేశపు మొక్కల నమూనాలకు ఫొటోలు తీసుకోవడానికి ఐరోపా వెళ్ళవలసి వచ్చింది. పెరటి చెట్టు దస్తావేజు పొరుగువాడి పెట్టెలో ఉండడమంటే ఇదే.

ఆ పెట్టె దగ్గర కూర్చుని హు షియూయింగ్ చేసింది ఏమిటి? చైనా మొక్కల్లో దేనికి ఎవరు, ఎప్పుడు, ఏ గ్రంథంలో పేరు పెట్టారో వెతికి కార్డుల మీదకు ఎక్కించింది. ఆ కార్డులు లక్షన్నరకు మించాయి. ఇది కీర్తి తెచ్చే పని కాదు. రాబోయేవాళ్ళకు దారి చదును చేసే కూలి పని. చైనా వృక్షజాలంపై తలపెట్టిన గ్రంథమాలలో మందార కుటుంబం మీద ఆమె రాసిన భాగం 1955లో వెలువడింది. అంత పెద్ద దేశపు వృక్షజాలాన్ని వర్ణించడం ఒక్క మనిషి వల్ల అయ్యేది కాదు. స్వదేశంలో ఆ పనిని వందలాది శాస్త్రజ్ఞులు సమష్టిగా చేశారు: 1959 నుంచి 2004 వరకు, 80 సంపుటాలు, సుమారు 31 వేల మొక్కలు. సమష్టి శ్రమ గొప్పతనానికి ఇంతకన్న నిదర్శనం ఏం కావాలి?

కాని ఆ నిదర్శనం చూపి ఊరుకుంటే సగం నిజమే చెప్పినవాళ్ళమవుతాం. హు షియెన్‌సు అనే మరో వృక్షశాస్త్రజ్ఞుడున్నాడు. ఇంటిపేరు ఒకటే గాని ఆయనది జియాంగ్సీ రాష్ట్రం. హార్వర్డ్‌లోనే 1925లో డాక్టరేటు పొంది స్వదేశానికి తిరిగి వచ్చాడు. శిలాజాలలో తప్ప లేదనుకున్న మెటాసెకోయా వృక్షజాతి చైనాలో సజీవంగా ఉన్నదని తేలినప్పుడు, 1948లో దానికి పేరు పెట్టిన ఇద్దరిలో ఆయన ఒకరు. 1955లో తన పాఠ్యగ్రంథంలో లైసెంకో సిద్ధాంతాన్ని విమర్శించినందుకు ఆ గ్రంథం మీద దాడి జరిగింది, దాన్ని ఉపసంహరించారు. సాంస్కృతిక విప్లవకాలంలో వేధింపులకు గురై 1968లో మరణించాడు. మన లెక్క ప్రకారం ఋణం తీర్చినవాడు ఈయనే. మరి ఈయనకు రావలసిన బాకీ ఎవరు తీర్చారు?

ఈ మాట సోషలిజానికి వ్యతిరేకంగా అనడం లేదు. సోషలిజం పేరుతో జరిగినదాన్ని మనమే ముందుగా విమర్శించుకోవాలని అంటున్నాను. ఋణం రెండు వైపులా ఉంటుంది. శాస్త్రజ్ఞుడు ప్రజలకు శ్రమ బాకీ పడితే, ప్రజల పేరుతో పాలించేవారు అతనికి నిజం చెప్పే స్వేచ్ఛ బాకీ పడతారు.

1968లో హు షియూయింగ్ హాంకాంగ్‌లో చైనీస్ విశ్వవిద్యాలయంలో బోధించడానికి వచ్చింది. అక్కడి కొండలెక్కి వేలాది నమూనాలు సేకరించింది. చైనా ప్రజలు తినే మొక్కల మీద ఆమె బృహద్గ్రంథం 2005లో, ఆమె 95వ ఏట వెలువడింది. 2012లో ఆమె హాంకాంగ్‌లోనే కన్నుమూసింది.

ఆమెది ఆదర్శ జీవితమని నేను అనను. 1949లో వేలాది యువకులు పునర్నిర్మాణంలోకి దూకినప్పుడు ఆమె అక్కడ లేదు. ఆ లోటు లోటే. అయితే విద్వాంసుల విలువ కట్టేటప్పుడు ఎక్కడ కూర్చున్నారన్నది మొదటి ప్రశ్న కారాదు. చేసిన పని ఎవరి చేతికి అందింది, తరువాతివారి శ్రమను ఎంత తగ్గించింది అన్నవే మొదటి ప్రశ్నలు. విదేశాలకు వెళ్ళే విద్యార్థిని నిందించే ముందు, ఇక్కడే ఉండి నిజం చెప్పేవాడికి మనం ఏపాటి చోటిస్తున్నామో కూడా ఆలోచించాలి.