చింతపిక్కలు

సత్యము చెప్పినచో నొక బిడ్డ మనసు నొచ్చునని తెలిసినప్పుడు, ఉపాధ్యాయుడు దానిని దాచవచ్చునా? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో గాక, మైదుకూరులో, పదవ తరగతి గదిలో నెదురయ్యెను.

అనువంశికతను నల్లబల్లపై గీతలతో చెప్పినచో పిల్లలు కునుకుదురు. కావున బారాకట్టకు వలె చింతపిక్కలను రాతిపై నొక ప్రక్క అరగదీసి తెమ్మంటిని. ఒక పిక్క తల్లి, ఒకటి తండ్రి. ప్రతిదానికిని నలుపొక ప్రక్క, తెలుపొక ప్రక్క. అనగా నిరువురును లోపమును లోలోన మోయువారే గాని తాము లోపము గలవారు కారు. రెండును తెల్లగా పడిననే బిడ్డయందు లోపము బయటపడును. నలువదిమారులు వేయుడంటిని. ఒక జట్టునకు 7, మరియొక జట్టునకు 13. ఒక జట్టు మాత్రము సరిగా 10 తెచ్చెను. గట్టిగా నడుగగా, పుస్తకములో నాలుగింట నొకటని యున్నది గదా యని తలలు వంచుకొనిరి. (పెద్దలు చేయని పనియా యిది!) అన్ని జట్ల లెక్కలును గూడగా నాలుగవవంతునకు చేరువయ్యెను. మెండెలు 1866లో ప్రకటించిన బఠాణీల లెక్కయు నట్టిదే: నున్ననివి 5474, ముడుతలవి 1850.

పిమ్మట మేనరికము మాట యెత్తితిని. ఇది మనకు క్రొత్త కాదు. మేనమామ కూతురిని పెండ్లాడుట దాక్షిణాత్యుల యాచారమని బౌధాయన ధర్మసూత్రమే పేర్కొనెను. మేనమామకును మేనకోడలికిని వంశమూలమున జన్యువులు సగటున నాలుగవవంతు సమానము. కావున నొకే తెలుపు ఇరువురియందును దాగియుండుట కవకాశ మెక్కువ.

అంతట నొక బాలిక లేచి, “అయ్యవారూ, మా నాయన మా అమ్మకు మేనమామే. మా తమ్మునికి చెవుడు. తప్పంతా మా అమ్మదేనని మా అవ్వ అంటాది. నిజమేనా?” అనెను.

ఆ క్షణమున నాకు సంస్కృతమును లేదు, ఇంగ్లీషును లేదు. పిక్కలనే చేతికిచ్చి, “ఒక్క పిక్కతో వేసి, రెండు తెలుపులు చూపుము” అంటిని. ఆమె చాలసేపు వానివంక చూచుచుండెను. చెవుడు జ్వరములవలనను గలుగవచ్చుననియు, తమ్మునిది ఏదియో వైద్యుడు పరీక్షించి చెప్పవలసినదే గాని నేను చెప్పరాదనియు తెలిపితిని.

నేనీ పాఠము మానినచో ఆ యింటిలో నింద మానునా? మానదు; పైగా దానికి బదులు చెప్పు సాధనము పిల్లకు లేకపోవును. కారణము వేరు, దోషము వేరు. తెలియక చేసినదానికి దోషమంటగట్టి, కర్మమను పేరుపెట్టి, యాడుదాని నెత్తిన వేయుట మనకు బహుకాలముగా నలవాటు. అయినను నా తొందరపాటును నేనొప్పుకొందును. ఆ మాట ముందుగా చెప్పి, మేనరికము తరువాత చెప్పవలసినది. ఇంటివారి వంశవృక్షములు గీసి తెండని పిల్లల నడుగుట నాటినుండి మానితిని. పదిమందిలో నింటిగుట్టు విప్పించు హక్కు నాకు లేదు.

గంట కొట్టిన పిదప ఆ బాలిక రెండు పిక్కలడిగి తీసికొనిపోయెను. అవ్వకు చూపునట.