విజయం ఎవరిది?



పరిశుద్ధ గ్రంథంలో యుద్ధాలు చాలా కనిపిస్తాయి. కాని సైన్యం మరీ ఎక్కువగా ఉందని దేవుడే అభ్యంతరం చెప్పిన యుద్ధం ఒకటి ఉంది. అది గిద్యోను చేసిన యుద్ధం. న్యాయాధిపతుల గ్రంథం 6, 7, 8 అధ్యాయాలలో ఆ కథ ఉంది. ఈ వారం ఒకరోజు సాయంకాలం జపమాల ముగిశాక ఇంటిల్లపాదీ కూర్చుని చదువుకోండి.

మిద్యానీయులు ఏడేళ్లపాటు ఇశ్రాయేలు ప్రజలను పీడించారు. పంట చేతికి వచ్చే వేళకు దండుగా వచ్చి పొలాల మీద పడేవారు. అందుకే గిద్యోను గోధుమలను కళ్లంలో కాక ద్రాక్షగానుగ చాటున దాగి దుళ్లగొడుతున్నాడు. అటువంటి పిరికి వేళ దేవదూత కనిపించి అతణ్ణి పరాక్రమశాలీ అని సంబోధించాడు! తన వంశం మనష్షే గోత్రంలో అల్పమైనదనీ, ఇంట్లో తానే అందరికంటె చిన్నవాడిననీ గిద్యోను విన్నవించుకొన్నాడు.

శత్రుసైన్యం 1,35,000 మంది. గిద్యోను పిలుపు విని వచ్చినవారు 32,000 మంది. మన లెక్క ప్రకారం ఇంకా మనుషులు కావాలి. ప్రభువు మాత్రం వీరు ఎక్కువయ్యారన్నాడు. భయపడేవారు వెళ్లిపోవచ్చు అనగానే 22,000 మంది ఇంటిముఖం పట్టారు. మిగిలిన 10,000 మందికి నీటి దగ్గర మరో పరీక్ష జరిగింది. చివరకు నిలిచినవారు 300 మంది. అంటే ఒక్కొక్కరికి 450 మంది శత్రువులు!

దేవుడు ఎందుకిలా చేశాడు? కారణం 7వ అధ్యాయం 2వ వచనంలోనే ఉంది. మా చేతి బలంతోనే మేము గెలిచామని ప్రజలు గొప్పలు చెప్పుకొంటారని. 32,000 మందితో ఓడిపోతారని దేవుడు ఆందోళన పడలేదు. గెలిచి, ఆ గెలుపు తమదే అనుకొంటారని ఆయనకు తెలుసు. ఓటమి మనిషిని దేవుని దగ్గరకు తేవచ్చు. గర్వంతో కూడిన గెలుపు దేవుణ్ణే మరపిస్తుంది.

అయితే దేవుడే చూసుకొంటాడులే అని చేతులు ముడుచుకొని కూర్చోమని దీని అర్థమా? ఎంతమాత్రం కాదు. ఆ 300 మంది నడిరేయి మేలుకొని ఉన్నారు. బూరలు, కుండలు, వాటిలో దివిటీలు పట్టుకొని, ఎవరికి నియమించిన చోట వారు కదలకుండా నిలబడ్డారు. పుస్తకం తెరవని విద్యార్థి పరీక్షనాడు కొవ్వొత్తి వెలిగించడం విశ్వాసం కాదు. మందు మాననివ్వకుండా రోగికి మందూ ఇప్పించాలి, ప్రార్థనా చేయాలి. మన పని మనం చేయాలి. ఫలితాన్ని, దాని ఘనతను దేవునికి వదలాలి.

ఈ పాఠాన్ని నేను నేర్చుకొన్నది సెమినరీలో కాదు. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక విచారణలో, ఒక తాపీమేస్త్రీ దగ్గర. ఇది పాపసంకీర్తనంలో విన్న మాట కాదు. పదిమందికి ఉపయోగపడుతుందని అతడే రాయమన్నాడు.

మంచి పనివాడు. కాని తాగుడు అతణ్ణి పట్టుకొంది. కూలి డబ్బు ఇంటికి చేరేది కాదు. భార్య ఇద్దరు ఆడపిల్లలతో వచ్చి నా వరండాలో కూర్చుని ఏడ్చేది. నేను తత్త్వశాస్త్రం చదువుకొన్నవాణ్ణి కదా! మనిషి ఇచ్ఛాశక్తి ఎంత గొప్పదో అతనికి బోధించాను. పీఠం ముందు మోకరింపజేసి, సిలువ మీద చేయి వేయించి ప్రమాణం చేయించాను. “ఈసారి గెలుస్తాను, ఫాదర్‌గారూ!” అన్నాడు. మూడు వారాలు నిలిచింది. మళ్లీ ప్రమాణం, మళ్లీ పతనం. ఆరుసార్లు అలా జరిగింది. ఏడోసారి వచ్చి ప్రమాణం చేయనన్నాడు. “నా వల్ల కాదు, ఫాదర్‌గారూ. నేను ఓడిపోయాను,” అన్నాడు.

నేను నిరాశపడ్డాను. నిజానికి అతని 32,000 మంది సైన్యం ఇంటికి వెళ్లిపోయిన రోజు అది. ఎవరో చెబితే పట్నంలోని ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశానికి అతణ్ణి వెంటబెట్టుకొని వెళ్లాను. 1935లో అమెరికాలోని అక్రన్ పట్టణంలో తాగుడు బాధితులు ఇద్దరు ఆరంభించిన సహవాసమది. వారి పన్నెండు మెట్లలో మొదటిదేమిటో విని నేను సిగ్గుపడ్డాను. మద్యం ముందు మేము శక్తిహీనులమని ఒప్పుకోవడం! నేను ఓటమి అనుకొన్న మాట అక్కడ తొలి మెట్టు.

పునీత అగుస్తీను జీవితం చదివి కూడా నేను దీన్ని మరచిపోయాను. కోరిక ఉండి కూడా తన బలంతో పాపపు సంకెళ్లు తెంచుకోలేక ఆయన ఎంత విలపించాడో మనకు తెలుసు. 386లో మిలాను నగరంలోని తోటలో ఆయనను విడిపించింది దేవుని వరప్రసాదమే. అందుకే, దేవుని కృప తోడు లేకున్నా మనిషి తన ప్రయత్నంతోనే పుణ్యవంతుడు కాగలడన్న పెలాజియసు బోధను ఆయన జీవితాంతం ఎదిరించాడు. తిరుసభ కూడా ఆ బోధను ఖండించింది.

మేస్త్రీ తాగుడు మానాడు. ‘ఈ ఒక్కరోజు నన్ను కాపాడు ప్రభూ’ అని ప్రతి ఉదయం ప్రార్థించి పనికి వెళ్లేవాడు. రెండేళ్లు గడిచాయి. ఇక్కడే నా తప్పు చెప్పుకోవాలి. విచారణ పండుగనాడు అతణ్ణి వేదిక ఎక్కించి, శాలువా కప్పి, తాగుడును జయించిన వీరుడని పొగిడాను. జనం చప్పట్లు కొట్టారు. తరువాత అతడు సమావేశాలకు వెళ్లడం తగ్గించాడు. నేను గెలిచినవాణ్ణే కదా, ఒక్కసారి తాగితే ఏమవుతుంది అనుకొన్నాడు. నాలుగు నెలలకు మళ్లీ రోడ్డు పక్కన పడి ఉన్నాడు.

గిద్యోను కథ ముగింపు మనం అంతగా చదవం. విజయం తరువాత ప్రజలు అతణ్ణి ఏలికగా ఉండమన్నారు. ప్రభువే మిమ్మల్ని ఏలుతాడని అతడు చక్కగానే జవాబిచ్చాడు. కాని దోపుడు సొమ్ములోని బంగారు పోగులు అడిగి తీసుకొన్నాడు. 1,700 షెకెలులు, అంటే ఇంచుమించు 19 కిలోల బంగారం! దానితో ఏఫోదు చేయించి తన ఊరైన ఒఫ్రాలో నిలిపాడు. ప్రజలు దేవుణ్ణి విడిచి దాన్ని పూజించారు. అతనికీ, అతని ఇంటికీ అదే ఉరి అయింది. లక్షమంది శత్రువులు పడగొట్టలేనివాణ్ణి గెలుపు గుర్తుగా చేయించుకొన్న వస్తువు పడగొట్టింది. నేను కప్పిన శాలువా అటువంటిదే.

మేస్త్రీ మళ్లీ లేచాడు. అతని భార్యే చేయి పట్టుకొని సమావేశానికి తీసుకొని వెళ్లింది. ఇప్పుడు ఎన్నేళ్లయిందని ఎవరైనా అడిగితే, “ఈరోజు తాగలేదండి, దేవుని దయ,” అంటాడు. అంతకు మించి చెప్పడు.

ప్రియ విశ్వాసులారా, పునీత పౌలు తన శరీరంలోని ముల్లును తీసివేయమని మూడుసార్లు ప్రార్థించాడు. ముల్లు పోలేదు. బలహీనతలోనే దేవుని శక్తి పూర్తిగా పనిచేస్తుందన్న సమాధానం దొరికింది (2 కొరింతీ 12:7-9). కాబట్టి దేవుణ్ణి నమ్మితే ప్రతి కష్టమూ మనం కోరిన విధంగా తీరిపోతుందని నేను మీకు చెప్పలేను. కల్వరి కొండమీద క్రీస్తునాథుడు లోకం కంటికి ఓడిపోయినవాడే. తండ్రి చేతికి తన ఆత్మను అప్పగించిన ఆ ఓటమి నుండే ఉత్థాన విజయం వచ్చింది.

మీ ఇంట్లో తాగుడుతో, అప్పులతో, వ్యాధితో, మాట వినని బిడ్డతో పోరాటం జరుగుతూ ఉండవచ్చు. మీ బలం ఒక్కొక్కటిగా తరిగిపోతూ ఉండవచ్చు. దేవుడు విడిచిపెట్టాడని అనుకోకండి. మీకు నియమించిన చోట నిలబడండి. సాయం అడగడానికి సిగ్గుపడకండి. ఒకవేళ ఇప్పటికే గెలిచి ఉంటే, ఈ ఆదివారం దివ్యబలిపూజలో ఆ గెలుపును అప్పద్రాక్షరసాలతోపాటు పీఠం మీద పెట్టి రండి. ఇంటికి తిరిగి తీసుకొని వెళ్లకండి.

ప్రభువా, మా చేతులకు పనినీ, మా హృదయాలకు నీ మీద నమ్మకాన్నీ దయచేయండి. మేము పడినప్పుడు లేవనెత్తండి. మేము గెలిచినప్పుడు మమ్మల్ని మరింతగా కాపాడండి. ఆమెన్.